భూషయ్య రేవుకు మా అమ్మ తెచ్చిన పడవ

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్నే భూషయ్య మనవడు మా ఇంటికి వచ్చాడు. బందరులో ఉండేవాళ్లకే బందరు లడ్డూల పెట్టె తెచ్చిపెట్టే మర్యాదస్తుడు. కుర్చీ అంచున కూర్చుని, మా లంకకు కట్టిన కొత్త వంతెన దగ్గర వాళ్ల తాతగారి పేరున స్వాగత ద్వారం కడుతున్నామనీ, ప్రారంభం రోజున ఒక చిన్న సంచిక వేస్తున్నామనీ చెప్పాడు. "మా తాతగారు లంక జనాన్ని ఏళ్ల తరబడి ఊరికే నది దాటించేవారట కదండీ టీచరుగారూ. ఎర్రపడవ అనేవారట. మొదట్నుంచీ కళ్లారా చూసినవాళ్లలో మీరొక్కరే మిగిలారు. ఓ పేజీ రాసివ్వండి" అన్నాడు. ఎవరు చెప్పారు బాబూ అని అడిగాను. "మా నాన్నగారండీ. ఊళ్లో అందరూ అదే అంటారు" అన్నాడు. కుర్రాడి మొహంలో అబద్ధం లేదు. అబద్ధం వాడికంటే ముందే పుట్టి, వాడు పెద్దయ్యేసరికి నిజమైపోయింది. కాఫీ ఇచ్చి, రాస్తానని చెప్పి పంపించాను. మూడో రోజున రాసి పంపించాను కూడా. ఆ తర్వాత వాళ్ల దగ్గర్నుంచి ఫోను లేదు, సంచిక రాలేదు, ప్రారంభానికి పిలుపు రాలేదు. ఆ ఒక్క పేజీలో పట్టనిదంతా ఇక్కడ రాస్తున్నాను. నాకు డెబ్బై దగ్గరపడుతున్నాయి. ఈ వయసులో అందరినీ క్షమించుకుంటూ వెళ్లాలంటారు. నేనింకా ఆ పని మొదలుపెట్టలేదు.

మా నాన్న మొగలిలంక బడిలో పంతులు. దివిసీమలో కృష్ణ సముద్రంలో కలిసే ముందు పాయలుగా విడిపోయిన చోట, రెండు పాయల మధ్య ఒక మెరక మా లంక. మొగలి పొదల వాసన, ఎండబెట్టిన చేపల వాసన గాలివాటాన్ని బట్టి వంతులవారీగా ఇంట్లోకి వచ్చేవి. నాన్నకు పద్ధతులెక్కువ. తెల్లవారగానే గుంజకు తగిలించిన చేతి అద్దంలో చూసుకుంటూ గడ్డం గీసుకునేవారు. ఉత్తరీయాన్ని ప్రతిసారీ ఒకే మడతలో మడిచేవారు. ఎవరితోనూ ఒక మాట ఎక్కువ అనేవారు కాదు, ఒక మాట తక్కువైనా సర్దుకుపోయేవారు. అమ్మ పెడన అమ్మాయి. కలంకారీ అద్దకం ఇంట్లో పుట్టి, రంగు తొట్ల మధ్య పెరిగింది. తెల్లబట్ట మీద అచ్చు ఒక్కసారి పడిందంటే మళ్లీ చెరగదని చిన్నప్పటినుంచీ చూసిన మనిషి. మాట కూడా అలాగే అనేది. నవ్వినా కోప్పడినా పూర్తిగానే.

లంక నుంచి బయటికి రావాలంటే పడవ ఒక్కటే దారి. రేవు హక్కును ఏటా వేలం పాట పెట్టేవారు, ఏటా భూషయ్యే పాడుకునేవాడు. ఆయన పడవలో ఆయన చెప్పిందే చట్టం. ఎవరు ముందెక్కాలి, ఎవరు నిలబడాలి, ఎవరి సామాను తడిసినా పరవాలేదు, అన్నీ ఆయనే చెప్పేవాడు. చేపల గంపలవాళ్లు ఆఖరి విడతలోనే రావాలనేది వాటిలో ఒకటి. అప్పటికి అవనిగడ్డ బజారు సగం కట్టేసేవారు. గంపలో చేప మెత్తబడిపోయేది. ఆయన్నడిగే ధైర్యం ఎవరికీ లేదు, ఎందుకంటే రేపు మళ్లీ నది దాటాలి.

నాకు పదిహేడేళ్లప్పుడు, శివరాత్రి వెళ్లి ఎండలు ముదురుతున్న రోజుల్లో, పెడనలో ఒక పెళ్లికి అమ్మా నేనూ బయల్దేరాం. నాన్న ఏవో బడి కాగితాలు అవనిగడ్డలో ఇవ్వాలని మాతోనే వచ్చారు. అమ్మ తన ఒక్కగానొక్క పట్టుచీర కట్టుకుంది. పడవ కదిలే ముందు నాంచారమ్మ గంప నెత్తిన పెట్టుకుని నీళ్లలో పరుగెత్తుకుంటూ వచ్చింది. చేపలు పట్టే ఇంటి మనిషి, నలభై ఏళ్లుంటాయి, చుట్ట నిప్పు నోట్లో పెట్టి అడ్డపొగ పీల్చే అలవాటు. "ఇయ్యాల ఒక్కరోజు ఎక్కించుకో బాబూ, పీతలు చచ్చిపోతాయి" అంటోంది. భూషయ్య వినిపించుకోలేదు. అమ్మ పక్కకు జరిగి, "ఇలా రా నాంచారమ్మా" అని చెయ్యి అందించి పైకి లాగింది.

నది మధ్యకు వచ్చాక భూషయ్య పడవను ఇసుక దిబ్బకు ఆనించాడు. "గంప దిగాలి" అన్నాడు. "అది దిగితే నేనూ దిగుతాను" అంది అమ్మ. ఆయన ఎంతో మర్యాదగా, "దిగండి పంతులమ్మగారూ" అన్నాడు. పడవలో పాతికమంది ఉన్నారు. ఒక్కరూ నోరు తెరవలేదు. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దిగింది. వెనకే నేను దిగాను. నాన్న ఒళ్లో ఫైలు ఉంది. ఆయన ఆ ఫైలు తాళ్లు విప్పి, మళ్లీ కట్టుకున్నారు. దిగలేదు. పడవ వెళ్లిపోయింది. ఎండాకాలంలో మా పాయలోకి సముద్రపు పోటు ఎక్కుతుంది, అందుకని చుట్టూ నీళ్లే గానీ తాగడానికి గుక్కెడు లేవు. మధ్యాహ్నం తిరిగి, నాంచారమ్మ మరిది చేపల దోనె వేసుకుని వచ్చేదాకా ఆ ఇసుకలో ముగ్గురం కూర్చున్నాం. గంపలో పీతలు ఒక్కొక్కటీ కదలడం మానేశాయి. అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. చాలాసేపటికి ఒకే ఒక్క మాట అడిగింది. "నాంచారమ్మా, నీకు పడవ నడపడం వచ్చా?"

"పుట్టకముందే వచ్చమ్మా" అంది నాంచారమ్మ.

ఆ సాయంత్రం నాన్న ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, వంటయిందా అని అడిగారు. అమ్మ వడ్డించింది. మజ్జిగలో ఉప్పు సరిపోయిందా అని కూడా అడిగింది. ఆ తర్వాత రెండు నెలలు ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నాన్న అది సద్దుమణిగిందనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. వైశాఖంలో ఒకరోజు అమ్మ మెడ బోసిగా కనిపించింది. గొలుసేదని నేనడగలేదు, అమ్మే చెప్పింది. "మీ మావయ్య పడవ చూశాడు. నరసాపురం అవతల. అక్కడ కాలవకు వంతెన పడిందట, ఆ పడవకిక పని లేదు. నువ్వూ వస్తున్నావు."

మావయ్యంటే అమ్మకు అన్న, పెడనలో అద్దకం చేయించేవాడు. బట్టలు అమ్ముకోవడానికి గోదావరి జిల్లాలకు తిరిగేవాడు. మోచేతుల దాకా ఎర్రరంగు పట్టేసి ఎన్ని సబ్బులు రుద్దినా వదలని చేతులు ఆయనవి. మేం నలుగురం, అమ్మ, నేను, మావయ్య, నాంచారమ్మ, బస్సులు మారుతూ పోయి, కొబ్బరిచెట్ల కింద ఒక కాలవ గట్టున ఆ పడవను చూశాం. పాతదే, కానీ మా రేవు పడవకంటే బారెడు పొడుగు. దాని యజమాని ముసలాయన. ఆ పడవ మీద కొబ్బరికాయలు తోలి నలుగురు పిల్లల్ని పెంచానని చెప్పాడు. నాంచారమ్మ చుట్ట పారేసి, పడవలోకి దిగి బోర్లా పడుకుంది. పిడికిలితో చెక్కలమీద తడుతూ, చెవి ఆనించి వింటూ, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వెళ్లింది. లేచి, "ఇది మన మాట ఇంటదమ్మా" అంది. ముసలాయన అమ్మను ఎగాదిగా చూశాడు. "ఆడకూతురివి, నీకెందుకమ్మా పడవ?" అన్నాడు. అమ్మ దాచలేదు. ఇసుక దిబ్బ సంగతంతా చెప్పింది. ఆయన అంతా విని, పడవ అంచు మీద ఓసారి చెయ్యి వేశాడు. చివరికి, "ఆయ్, అయితే తీసుకెళ్లండి. సరదాకి కొన్నోళ్లయితే దారిలో ఒదిలేస్తారు. మీరొదలరు" అన్నాడు. తర్వాత మా అందరినీ దగ్గరికి పిలిచి ఒక మాట చెప్పాడు. "ఇది నీళ్లలో బతికింది. ఈ ఎండలో రోడ్డు మీద రెండ్రోజులు ఎండిందంటే అతుకులు విచ్చుకుపోతాయండి. గోనెలు పరిచి తడుపుతా తీసుకెళ్లాలి. ఆరిందో, మీరు ఇంటికి చేర్చేది కట్టెలే."

రెండు జిల్లాల దారి. నీళ్ల మీద తీసుకెళ్లే వీల్లేదు. వేసవిలో డెల్టా కాలవలన్నీ కట్టేస్తారు, అడుగున బురద మిగులుతుంది. అందుకని గుడివాడ దాకా లారీ, అక్కణ్నుంచి ట్రాక్టరు మాట్లాడాడు మావయ్య. లారీ మీదికెక్కించడానికి ఆ ఊరి మొగాళ్లు పదిహేనుమంది పట్టారు. మావయ్య డ్రైవరు పక్కన కూర్చున్నాడు. మేం ముగ్గురం ఆడవాళ్లం పడవలోనే, తడిగోనెల మీద, గొడుగు కింద. రోడ్డు మీద పడవలో ప్రయాణం చేసినవాళ్లు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు. భీమవరం దాటాక పొలాల మీంచి వేడిగాలి మొహాన కొట్టేది. కొల్లేటి దగ్గర ఆ గాలే చల్లబడి నాచువాసన తెచ్చింది. అమ్మ పడవ ముక్కు దగ్గర కూర్చుంది. అరగంటకోసారి చెయ్యి చాచి చెక్క తడి చూసేది, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు. "అమ్మా, భూషయ్య కాళ్లబేరానికొస్తే ఏం చేస్తావే?" అని అడిగాను. "రాడు. వచ్చేవాడైతే ఇంత శ్రమ ఎందుకు?" అంది. నాకు ఆ దారిపొడుగునా ఒకటే ఊహ. ఆయన్ని అదే దిబ్బ మీద దించి, తిరిగి చూడకుండా వెళ్లిపోవడం. ఎన్నిసార్లు దించానో లెక్కలేదు. ప్రతిసారీ ఎండ ఇంకాస్త పెంచేదాన్ని.

గుడివాడ చేరేసరికి మిట్టమధ్యాహ్నం. పడవను లారీ మీంచి ట్రాక్టరు తొట్టి మీదికి మార్చడానికి రైల్వే గేటు దగ్గర ఆపారు. మార్చేసరికి రెండు గంటలు పట్టింది, ఆలోగా గోనెలు ఎండి అట్టలైపోయాయి. పడవ పొట్ట దగ్గర చెక్కల మధ్య సన్నటి గీత కనిపించింది. నాంచారమ్మ దాంట్లో గోరు పెట్టి చూసి, "నోరు తెరుస్తోందమ్మా" అంది. చుట్టూ జనం మూగారు. ఒకాయన నవ్వుతూ, "ఏవండీ, గుడివాడకి సముద్రం వస్తోందా ఏంటి?" అన్నాడు. అమ్మ ఆయన వంక తిరిగి, "రావట్లేదండీ. మేమే వెళ్తున్నాం. మీ ఇంట్లో బావి ఉందా?" అంది. ఆయన నవ్వు ఆగిపోయింది. ఆయనకు బావి ఉంది. ఆయన భార్య, పక్కింటి ఆవిడ, ఎదురింటి అత్తాకోడళ్లు బిందెలతో వచ్చారు. అమ్మ వాళ్లకూ కథ చెప్పింది, ఒక్క ముక్క విడిచిపెట్టకుండా. ఒక్క ముక్కంటే ఒక్క ముక్క. నాన్న పడవలోనే కూర్చుండిపోయిన సంగతి కూడా. అది విన్నప్పుడు ఆ ఆడవాళ్లలో ఒకావిడ బిందె కింద పెట్టి, "మీ ఆయన ఉన్నారా అప్పుడు?" అని అడిగింది. "ఉన్నారు" అంది అమ్మ. ఆవిడ మళ్లీ బిందె ఎత్తుకుంది. నీళ్లు ఆగకుండా పోశారు. తొట్టి వెనక్కి పడవ బాగా పొడుచుకొచ్చిందని, ఎర్రగుడ్డ కట్టకపోతే కదలనివ్వనని ఒక పోలీసాయన అడ్డం తిరిగాడు. మావయ్య సంచిలోంచి కొత్త కలంకారీ దుప్పటి తీసి పడవ తోకకు కట్టాడు. ఆయన దానివంక చూసి, "ఇంత మంచి గుడ్డ ఎందుకండీ పాడుచేస్తారు" అని నొచ్చుకున్నాడు.

ఆ సాయంత్రానికి పెడన చేరాం. మావయ్య షెడ్డులో దిగగానే నాకు చిన్నప్పటి సెలవుల వాసన కొట్టింది. కరక్కాయ వాసన, బెల్లంలో ఊరేసిన ఇనప తుక్కు పులిసిన వాసన, ఆరుతున్న తడిబట్ట వాసన. కాలవ కట్టేశారు కాబట్టి అక్కడా నీళ్లకు కరువే. బట్టలు ఉడికించిన తొట్లలో మాత్రం రంగునీళ్లు మిగిలి ఉన్నాయి, చల్లారిపోయి, చిక్కగా, ఎర్రగా. "ఇవి పనికొస్తాయా?" అని అమ్మ అడిగింది. నాంచారమ్మ వేలు ముంచి చూసి, "తడి తడేనమ్మా" అంది. కడవలతో తోడి పడవలో పోశాం. ఎండిన చెక్క ఆ రంగును దాహంతో తాగినట్టు తాగేసింది. తెల్లారి చూస్తే లోపలా బయటా ఎర్రబారిపోయి ఉంది. ఆ రంగు తర్వాత ఎన్ని వరదలొచ్చినా వదల్లేదు. లోకం ఎర్రపడవ అన్నది అందుకు. ఆ మనవడికి ఇది తెలియదు. ఆ రంగు మా మావయ్య తొట్లోది.

భోజనాల దగ్గర అత్తయ్య గోంగూర పప్పు వడ్డిస్తుంటే మావయ్య మెల్లగా ఎత్తాడు. "పడవైతే తెచ్చాం. బావగారిని ఓ మాట అడిగావా చెల్లాయ్? ఆయన ఉద్యోగస్తుడు. ఊళ్లో పగలొద్దంటారేమో." అమ్మ అన్నం కలుపుతూనే, "ఆ రోజు ఆయన నన్నడిగారా అన్నయ్యా?" అంది. "అడక్కపోతే?" అన్నాడు మావయ్య. "అయితే నేనూ అడగను." నాకు అమ్మ మాట ముద్దొచ్చింది. ఆ వయసులో మాట పదునుగా ఉంటే చాలు, ఎవర్ని కోస్తుందో చూసుకోం.

మర్నాడు బందరు మీదుగా బయల్దేరాం. కోనేరు సెంటర్లో జనం దారిచ్చి, ముక్కున వేలేసుకుని చూశారు. చల్లపల్లి దాటి, దివిసీమలోకి దిగడానికి పులిగడ్డ అక్విడక్టు ఎక్కాం. కింద నది పాయ, దాని మీద కాలవ, కాలవ పక్కన ఇరుకు దారి. ఎదురుగా ఏదైనా వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాల్సిందే. మేం సగం దాటాక అవనిగడ్డ నుంచి బందరు వెళ్లే బస్సు ఎదురుపడింది. హారన్లు, కేకలు. ట్రాక్టరు డ్రైవరు దిగి, "తొట్టి మీద ఇంత పొడుగుతో నేను వెనక్కి పోలేనండీ, కాలవలో పడతాం" అన్నాడు. బస్సులోంచి జనం దిగారు. వాళ్లలో భూషయ్య ఉన్నాడు. తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు. బందరుకు ఏదో పనిమీద వెళ్తున్నాడు. ముందు పడవను చూశాడు, తర్వాత దాంట్లో కూర్చున్న మమ్మల్ని చూశాడు.

"ఏంటి పంతులమ్మగారూ, ఎక్కడికీ పడవ?"

"మీ రేవుకే భూషయ్యగారూ."

"రేవు పాట నాది. ఇంకోళ్లు పైసా పుచ్చుకున్నా కేసవుద్ది. పంతులుగారికి చెప్పుకోండి, ఆయనకి తెలుసు రూల్సు."

"ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోను" అంది అమ్మ. "ఊరికే దాటిస్తా."

ఊరికే అన్నమాట ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమవుతున్నకొద్దీ మొహంలో రక్తం దిగిపోవడం నేను దగ్గర్నుంచి చూశాను. పద్నాలుగేళ్లు ఆ పడవ నడిచింది గానీ, నాకు దక్కాల్సిన దాంట్లో సగం ఆ అక్విడక్టు మీదే దక్కిందనిపిస్తుంది. "ముందు ఆ బండి వెనక్కి తీయండి!" అని డ్రైవరు మీద అరిచాడు. అమ్మ పడవ ముక్కున కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. "ఎవరు దిగమన్నా దిగను. ఒకసారి దిగాను, చాలు" అంది. పావుగంట తర్వాత బస్సే వెనక్కి వెళ్లింది. భూషయ్య ఎక్కకుండా బస్సు పక్కనే నడుచుకుంటూ వెనక్కి వెళ్లాడు. మా పడవ ముక్కు ఆయన వీపు వెనకే, అంత దూరమూ.

రేవులో పడవను దించినప్పుడు అతుకుల్లోంచి నీళ్లు చిమ్మాయి. నాంచారమ్మ తిట్టుకుంటూ తోడిపోసింది. మూడో రోజుకు చెక్క ఉబ్బి తనంత తనే మూసుకుంది. ఆ మూడు రోజులూ, ఆ తర్వాత ఇంకో వారమూ, లంక జనంలో ఒక్కరూ మా పడవ ఎక్కలేదు. భూషయ్య భయం. ఖాళీ పడవ పొద్దున్నే వెళ్లేది, సాయంత్రం వచ్చేది. నాంచారమ్మ తెడ్డు, అమ్మ గెడ. సెలవులయ్యాక నేను కాలేజీకి అందులోనే. ముందు గంపలవాళ్లు ఎక్కారు, తర్వాత బడిపిల్లలు, తర్వాత వాళ్ల అమ్మలు. ఆ దిబ్బ దగ్గర నోరు తెరవని పాతికమందీ ఒక్కొక్కళ్లే వచ్చారు. అమ్మ ఎవర్నీ కాదనలేదు, కానీ ఎక్కేటప్పుడు ప్రతి ఒక్కరి కళ్లలోకీ చూసేది. వాళ్లు చూపు దించుకున్నాకే గెడ నేలకు తాటించేది. రెండేళ్లలో భూషయ్య పాట పాడటం మానుకున్నాడు. ఆయన పడవ గట్టుమీద బోర్లించి ఉండేది. మేకలు దాని నీడన పడుకునేవి. ఆయన మాత్రం మా పడవ ఎక్కలేదు. నాలుగు మైళ్లు నడిచి ఇంకో రేవులో దాటేవాడు.

చాలా ఏళ్ల తర్వాత ఒక వానాకాలం, ఆ రెండో రేవు కొట్టుకుపోయినప్పుడు, కూతురి పురిటి కబురు విని ఆయన మా రేవుకు వచ్చాడు. నేను సెలవుల్లో అక్కడే ఉన్నాను. తడిసిపోయి, అమ్మ ముందు నిలబడి, "అవతల దింపుతావా అమ్మా?" అన్నాడు. అమ్మ, "నన్నెందుకు అడుగుతారు? పడవ నడిపేది ఆవిడ, ఆవిణ్ని అడగండి" అంది. ఆయన చాలాసేపు నీళ్ల వంక చూశాడు. తర్వాత తిరిగి, "నాంచారమ్మా, ఎక్కనా?" అన్నాడు. నాంచారమ్మ నోట్లోంచి చుట్ట తీసి, "ఎక్కండి బాబూ. గంప పక్కన ఖాళీ ఉంది" అంది. ఆయన గంప పక్కన కూర్చున్నాడు. నది దాటేదాకా పీతలు ఆయన పంచె అంచును గోకుతూనే ఉన్నాయి. నా జీవితంలో చాలా విందులు తిన్నాను గానీ ఆ పావుగంటంత రుచి దేంట్లోనూ లేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నోరూరుతోంది.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. సంచిక వాళ్లకు పంపిన పేజీ ఇక్కడితోనే ఆపాను. కానీ మిగతాది కూడా జరిగింది.

పడవ వచ్చిన రెండో ఏడే నాన్నకు గుడివాడ బదిలీ అయింది. ఆయన ఎన్నాళ్లుగానో కోరుకున్న ఊరు. గ్రంథాలయం, రైలు, కరెంటు పోని వీధి, అన్నీ ఉన్న ఊరు. ఆర్డరు చేత్తో పట్టుకుని చిన్నపిల్లాడిలా ఇంటికి పరుగెత్తుకొచ్చారు. అమ్మ చదివించుకుని విని, "మీరు వెళ్లండి. నేనొస్తే పడవ ఆగిపోతుంది" అంది. "నాంచారమ్మ ఉందిగా" అన్నారు నాన్న. "నేను లేకపోతే దాన్ని వారం తిరక్కుండా దింపేస్తారు" అంది అమ్మ. అది నిజమే. కానీ అదొక్కటే నిజం కాదని ముగ్గురికీ తెలుసు. నాన్న గుడివాడలో ఒక గది తీసుకుని, కిరసనాయిలు పొయ్యి మీద తనే వండుకుంటూ, పదమూడేళ్లు ఒంటరిగా ఉన్నారు. శనివారాలు వచ్చేవారు. అమ్మ ఆయన్ని దాటించేది, వేడన్నం పెట్టేది, సోమవారం పొద్దున్నే మళ్లీ దాటించేది. పడవ ఆ దిబ్బ పక్కగా వెళ్లేటప్పుడు నాన్న కాగితం ఏదో తీసి చదువుకునేవారు. భూషయ్య మీద పగ ఒక వానాకాలం పొద్దున తీరింది. నాన్న మీద పగ ప్రతి వారమూ తీరేది, వారం తిరిగేసరికి మళ్లీ మొదలయ్యేది. అమ్మ గొంతు ఒక్కసారి కూడా పెంచలేదు. నేను చూస్తూ ఉన్నాను, అడ్డం పడలేదు. అమ్మదే న్యాయం అనుకున్నాను.

ప్రభుత్వం బళ్లను కూడా దాటించే పంటు వేశాక ఎర్రపడవకు పని పోయింది. నాంచారమ్మ పోయాక దాన్ని విప్పి, చెక్కను ఆమె మరిది కొడుకులకే ఇచ్చేశాం. ఇప్పుడు వంతెన. లంక నుంచి బందరుకు గంటన్నర. పిల్లలు బైకుల మీద వచ్చి బిర్యానీ తిని వెళ్తున్నారు. నదిని ఎవరూ తల తిప్పి చూడరు. ఎవరినీ ఎవరూ నది మధ్యలో దించలేరు. అది మంచిదే. కానీ అప్పట్లో అన్యాయం చేసినవాడి మొహం ఎదురుగా కనపడేది, పదిమందిలో వాడికి జవాబు చెప్పే చోటు ఒకటి ఉండేది. ఇప్పుడు సంచిక వేసేవాడు మర్యాదగా లడ్డూలు తెస్తాడు, రాసి పంపిస్తే ఫోను ఎత్తడు.

రిటైరయ్యాక నాన్న, ఆ వెనకే అమ్మ, బందరులో నా దగ్గరికి వచ్చేశారు. ఇద్దరూ ఒకే ఇంట్లో, అండీ అంటే అండీ అనుకుంటూ, ఏ గొడవా లేకుండా ఉన్నారు. నాన్న మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం నేను పక్కన కూర్చుని గోళ్లు తీస్తున్నాను. అమ్మ పక్క గదిలో చేటలో బియ్యం చెరుగుతోంది. నాన్న గొంతు తగ్గించి అడిగారు. "ఆ రోజు నేను కూడా దిగి ఉంటే, మీ అమ్మ గుడివాడ వచ్చేదంటావా?"

ఒక్క అబద్ధం చాలు. పడవ ఆపలేక రాలేదు నాన్నా, అంటే సరిపోయేది. చచ్చిపోతున్న మనిషికి అబద్ధం చెప్పడం తప్పు కాదని పెద్దలే చెప్పారు. నాకు ఎందుకో ఆ ఫైలు తాళ్లు విప్పి కట్టుకున్న చేతులు కనిపించాయి. ఆ చేతులే నా చేతుల్లో ఉన్నాయి.

"వచ్చేది నాన్నా" అన్నాను.

పక్కగదిలో చేట చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. నాన్న తలాడించారు. "నేనూ అదే అనుకున్నానమ్మా" అని, రెండో చెయ్యి నా ఒళ్లో పెట్టారు, ఆ గోళ్లు కూడా తీయమన్నట్టు.